కుండ దించిన చోట్లు

సుందరరాజన్ ఇంట్లో బీరువా పైన ఖాళీ అట్టపెట్టెలు ఉన్నాయి. కెమెరాలవి, లెన్సులవి, డ్రోనుది, మైకులవి. లోపలి వస్తువుల్లో కొన్ని పాడైపోయాయి, కొన్ని చేతులు మారాయి. డ్రోను కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. పెట్టెలు మాత్రం అతను పారేయడు. కొత్త పెట్టె మూత పైకి లాగేటప్పుడు లోపలి గాలి బుస్సుమని చిన్న శబ్దం చేస్తుంది. ఆ శబ్దం కోసమే కొంటాడని భార్య సౌందరం అంటుంది.

"పెట్టె తెరిచేటప్పుడు మీ మొహం చూడాల. మన పెండ్లి ఫోటోలో కూడా ఆ వెలుగు లేదు."

అతను నవ్వి, ఖాళీ పెట్టెను బీరువా పైకి ఎక్కిస్తాడు.

అతనికి యాభై మూడేళ్ళు. కోయంబత్తూరులో గాంధీపురం వెనక సందులో పంపు మోటార్ల విడిభాగాల కొట్టు ఉంది. ఆ పని మీద ప్రేమా లేదు, విసుగూ లేదు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా జనం రారు. అప్పుడు చేతుల గ్రీజు పోయేలా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, బల్ల కింద అరలోంచి కెమెరా తీస్తాడు. చీమ కాలు తీస్తాడు. బేరింగు మీద నిలిచిన నూనె చుక్క తీస్తాడు. మనుషుల్ని తక్కువ తీస్తాడు. సౌందరం ఫోటోలు చాలానే ఉన్నాయి గాని, అవన్నీ కొత్త లెన్సు ఎలా ఉందో చూద్దాం, అక్కడ నిలబడు అన్నప్పటివి. వాటిలో ఆమె నిలబడి ఉంటుంది.

కిందటేడు ఆడి నెలకు, అంటే తమిళుల ఆషాఢానికి, ముందు కొత్త కెమెరా వచ్చింది. దాన్ని తీసుకుని మేట్టుపాళయం వెళ్ళి, కొండ రైలు ఇంజను ఆవిరి వదలడం స్లో మోషన్‌లో తీశాడు. రెప్పపాటు ఆవిరి తెర మీద ఐదింతలు సాగి, పత్తికాయ పగిలినట్టు విచ్చుకుంది. పది రోజులు దాన్నే చూశాడు. స్లో మోషన్‌లో ఉన్నంతసేపూ ఆ కెమెరా శబ్దాన్ని తీసుకోదు. ఆ సంగతి అతనికి తెలుసు. సూచనల పుస్తకంలో ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత కూడా గీశాడు.

*

అతని పెద్దమ్మ గోవిందమ్మాళ్ కినత్తుకడవులో కొబ్బరితోట ఇంట్లో ఉంటుంది. ఎనభై రెండేళ్ళు. కొడుకు రాఘవేంద్రన్, కోడలు జోతిమణి, కాలేజీలో చదివే మనవరాలు కృత్తిక ఆమెతో ఉంటారు.

ఆ ఇంట్లో ఒక రాగి కుండ ఉంది. ఎన్ని తరాల కిందటో అమ్మవారిని అందులో పెట్టుకుని ఉత్తరాన్నించి నడిచి వచ్చామని ఇంటివాళ్ళు చెప్పుకుంటారు. దారిలో పదకొండు చోట్ల కుండ దించారు. పదకొండోది ఈ ఇల్లు. ఆ చోట్లన్నీ ఒక పాటలో ఉన్నాయి. చోటుకొక చరణం.

పాట అత్త నుంచి కోడలికి వస్తుంది. ఏటా ఆడి నెల మూడో శుక్రవారం అత్త లోపలి గదిలో కూర్చుని పెదవుల్లోనే పాడుకుంటుంది. చరణానికొకసారి ఇంటి మగవాడు నీళ్ళు నింపిన కుండను ఎత్తి దించుతాడు. బయట వసారాలో ఆడవాళ్ళు "దించినాము అమ్మా" అని పల్లవి మాత్రం అందుకుంటారు. ఇక ఊపిరి చాలదని అత్తకు తోచిన ఏడు, ఆమె కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గొంతెత్తి పాడుతుంది. అత్త ఒక చరణం, అదే చరణం కోడలు. పదకొండూ అయ్యాక దీపం కోడలి చేతిలో పెడుతుంది. ఆ తర్వాత అత్త నోట ఆ పాట రాకూడదు. వస్తే అమ్మవారు మళ్ళీ దారిన పడి నడవాల్సి వస్తుందంటారు.

ఎవరూ దాన్ని రాసిపెట్టలేదు. ఆ ఇంట్లో తెలుగు నోటికి తెలుసు, చేతికి తెలియదు. బడిలో అందరూ చదివింది తమిళం.

కిందటేడు గోవిందమ్మాళ్ పాట ఇచ్చేస్తానంది. ఆ మాట వినగానే సుందరరాజన్ తోటకు వచ్చాడు.

"పెద్దమ్మా, వీడియో తీస్తా."

"తియ్యి. ముడతలు లేకుండా తియ్యి."

"ముడతలే బాగుంటాయి పెద్దమ్మా."

"చూసేవాడికి బాగుంటాయి. మోసేది నేను గదా."

తర్వాత జోతిమణితో మాట్లాడాడు. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని కొబ్బరి కోరుతోంది.

"వదినా, మీరు చరణం తిరిగి చెప్పొద్దు. రెండు గొంతులు కలిస్తే పాడైపోతుంది. పెద్దమ్మ ఒక్కటే పాడనీ. మీరు సుమ్మా, ఊరికే కూర్చోండి, చాలు."

"తిరిగి చెప్పకుంటే నోట్లో నిలబడదు అప్పా."

"నోట్లో ఎందుకు నిలబడాల? కెమెరాలో ఉంటుంది గదా. ఎన్నిసార్లయినా చూసి నేర్చుకోవచ్చు."

జోతిమణి అత్త వైపు చూసింది. గోవిందమ్మాళ్, "వాడికి తెలుసులే. చదువుకున్నోడు," అంది.

*

ఆ శుక్రవారం ఉదయం అతను అందరికన్నా ముందు వచ్చాడు. గదిలో కిటికీ మూసి ఒక్క రెక్క తెరిచాడు. కెమెరాను స్టాండు మీద నిలిపాడు. పెద్దమ్మ చీర అంచుకు బొచ్చు తొడుగు వేసిన చిన్న మైకు తగిలించాడు.

"ఇదేంది రా, ఎలకపిల్లా?" అంది ఆమె. వసారాలో ఆడవాళ్ళు నవ్వారు.

కృత్తిక గుమ్మంలో నిలబడి ఫోను ఎత్తింది.

"ఫోను దించు కృత్తికా. దాని వెలుతురు గోడ మీద పడుతుంది. అందరికీ గ్రూపులో నేనే పంపిస్తా."

"మీ చేతిలోది కెమెరా, మా చేతిలోది అప్పడమా చిత్తప్పా?" అంది చిన్నాన్నతో.

"చెప్తే విను మా."

ఆమె మూతి ముడుచుకుని వసారాలోకి పోయింది. గది తలుపు మూశారు. లోపల నలుగురు మిగిలారు. పాడే గోవిందమ్మాళ్. ఎదురుగా నోరు మూసుకున్న జోతిమణి. కుండ ఎత్తడానికి రాఘవేంద్రన్. ముప్పై ఏళ్ళ స్పిన్నింగ్ మిల్లు అతని చెవుల్ని తీసేసుకుంది, తల్లి చెయ్యి ఊపితే ఎత్తుతాడు, ఊపితే దించుతాడు. నాలుగో మనిషి సుందరరాజన్.

దీపం వెలిగించారు. ఆ మంటను చూడగానే అతనికి మేట్టుపాళయం ఆవిరి గుర్తొచ్చింది. మొదటి చరణం స్లో మోషన్‌లో తీద్దాం, తర్వాత మార్చేద్దాం అనుకున్నాడు. చక్రం తిప్పాడు.

గోవిందమ్మాళ్ పాడింది. కెమెరా నెత్తిన బిగించిన మైకు రిసీవరులో పచ్చగీతలు ఆమె గొంతుతో లేచి పడుతున్నాయి. ఆ గీతలు చూసి అతను నిశ్చింతగా ఉన్నాడు. గొంతు అక్కడి దాకా వస్తోంది. అక్కణ్ణుంచి కెమెరాలోకి తలుపు మూసి ఉంది.

మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఆరో చరణంలో అతను ఫోకస్‌ను ఆమె మొహం మీంచి మెల్లగా మంట మీదికి జరిపాడు. వెనక ఆమె మొహం కరిగి బంగారు మసక అయింది. చాలా బాగుంది. ఎనిమిదో చరణం చివరి దాకా అలాగే ఉంచి, తొమ్మిదో దానికి మళ్ళీ మొహం మీదికి తెచ్చాడు. పాట అంతా కలిపి ఆరు నిమిషాలు.

మర్చిపోయానని తర్వాత అందరికీ చెప్పాడు. మర్చిపోయిన మాట నిజం. ఆ ఆరు నిమిషాలూ తను ఎంత సంతోషంగా ఉన్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పదకొండో చరణం తర్వాత ముసలామె దీపం కోడలి చేతిలో పెట్టింది. మైకు తీసి అతనికి ఇచ్చింది. "అయిపోయింది అప్పా. ఖాళీ అయిపోయినా," అని కాళ్ళు చాపుకుంది.

*

మధ్యాహ్నం సింగానల్లూరులో ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆరు నిమిషాల పాట అరగంట సాగింది. మంట ఊగి, ఆగి, మళ్ళీ ఊగింది. పెదవులు విడివడ్డాయి, కలిశాయి. వాల్యూమ్ పెంచాడు. స్పీకరు వైరు మార్చాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అన్నీ చేశాక, తనకు ముందే తెలిసినదాన్ని ఒప్పుకున్నాడు.

"పెద్దమ్మ పాట పెట్టండి, నేను కూడా వింటా," అని సౌందరం వంటింట్లోంచి అరిచింది.

"తర్వాత."

అతను గుర్తు చేసుకోబోయాడు. ఆమెకు మూడడుగుల దూరంలో ఆరు నిమిషాలు నిలబడ్డాడు. ఒక్క చరణం గుర్తు లేదు. మంట రంగు గుర్తుంది.

కుటుంబం గ్రూపులో అడగడం మొదలుపెట్టారు. ఎడిటింగ్ జరుగుతా ఉంది అని రాశాడు. వారం తర్వాత అదే రాశాడు. మూడో వారం, మంట ముందు, మొహం వెనక మసకగా ఉన్న ఇరవై సెకన్ల ముక్క తీసి, దానికి ఎక్కడిదో ఫ్లూటు సంగీతం అతికించి పంపాడు. చప్పట్లు వచ్చాయి, పువ్వులు వచ్చాయి. చెన్నైలో ఉన్న బంధువు ఒకడు సినిమావాళ్ళకు చూపిస్తానన్నాడు. జోతిమణి గొంతుతో మెసేజ్ పంపింది.

"ఫ్లూటు బాగుంది అప్పా. అత్త గొంతు ఎప్పుడు వస్తుంది?"

ఆ ప్రశ్నను అతను నాలుగుసార్లు విన్నాడు. జవాబుగా దణ్ణం పెట్టే బొమ్మ పంపాడు.

ఒక మధ్యాహ్నం కొట్టులో, గొంతును తనలోపలే దాచుకునే మైకుల గురించి ఫోనులో చదివాడు. అలాంటిది తన దగ్గర ఉండి ఉంటే ఈ పాట పోయేది కాదు. బొమ్మలు చూశాడు. తెల్లది బాగుందా, నల్లది బాగుందా అని చూస్తున్నాడు. లోపల చిన్న ఉత్సాహం కదలడం గమనించాడు. ఫోను బోర్లా పెట్టి లేచి, ఎవరూ అడగని పెట్టెలోంచి బేరింగులన్నీ తీసి తుడిచాడు.

ఆ తర్వాతి రోజు నుంచి పెదవుల్ని చదవడం మొదలుపెట్టాడు. రోజూ రెండు నుంచి మూడు దాకా. ఒక్కో మాట దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, తన నోటితో అనిచూసి, అద్దంలో పోల్చుకున్నాడు. పెదవులు కలిసే మాటలన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుక లోపల చేసే పని తెర మీద కనబడదు. దొరికినదాన్ని తమిళ అక్షరాల్లో బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాడు. పక్క కొట్టు కృష్ణరాజ్ ఒకసారి తొంగిచూసి, అద్దం ముందు నోరు ఆడిస్తున్న అతన్ని చూశాడు.

"ఏమి నాయుడూ, సినిమాలో చేరినావా?"

*

మూడు నెలలు గడిచాక, ఒక మంగళవారం జోతిమణి కొట్టుకు వచ్చింది. కినత్తుకడవులో బస్సెక్కి, ఒంటరిగా. చేతిసంచిలో కొత్త నోటుపుస్తకం, పెన్ను, రెండు లేత కొబ్బరికాయలు ఉన్నాయి.

"ఇవి సౌందరానికి. ఇప్పుడు నాకు పాట పెట్టు అప్పా. ఈ పూటంతా కూర్చుని రాసుకుని పోతా. నీ ఎడిటింగ్ అవతల పెట్టు, నాకు బొమ్మ అక్కర్లేదు."

అతను స్టూలు వేశాడు. ఆమె నోటుపుస్తకం తీసి ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. టీ తెప్పించాడు. టీ మీద మీగడ కట్టింది.

"వదినా, గొంతు రాలేదు."

"గొంతు బాగా రాలేదా?"

"అసలు రాలేదు. బొమ్మ ఒక్కటే ఉండాది."

సందులో ఒక ఆటో వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"ఆ రోజే," అంది. "మూడు నెలలు." నోటుపుస్తకం మూసి, "మొదటి చరణం అత్త పాడినప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది. తిరిగి చెప్పబోయినా. నువ్వు చెయ్యి అడ్డం పెట్టినావు. గుర్తుందా?"

అతనికి గుర్తు లేదు. అది కెమెరాలో ఉంది. తెర అంచున తన వేళ్ళు ఒక క్షణం కనబడి పోవడం అతను చూశాడు. అది దేనికో అప్పుడు తెలియలేదు.

"నోరు మూసుకున్నా," అంది జోతిమణి. "నా పెండ్లయి ఇరవై ఏడేండ్లు. ఆ పాట కోసం కాచుకుని ఉండి, నువ్వు చెప్పినావని నోరు మూసుకున్నా."

నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది. కొబ్బరికాయలు బల్ల మీదే ఉన్నాయి.

*

శుక్రవారం ఉదయం అతను కంప్యూటరు, బిల్లు పుస్తకం పట్టుకుని తోటకు వెళ్ళాడు. పెద్దమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె విని, "మెషిను గదా, చెడిపోతుంది," అంది.

"మెషిను చెడిపోలేదు పెద్దమ్మా. నేను తప్పుగా పెట్టినా."

"ఎందుకు?"

"దీపం బాగుంటుందని."

గోవిందమ్మాళ్ అతని తల మీద చెయ్యి వేయబోయి, వేయలేదు. ఆ చెయ్యి ఒళ్ళోకి తిరిగిపోవడం అతను చూశాడు.

"అవ్వా, ఇంకొకసారి పాడేయి. ఎవరికి తెలుస్తుంది?" అంది కృత్తిక.

"నాకు తెలుస్తుంది," అంది ముసలామె. "నేను ఇచ్చేసినా. నడిచింది చాలు."

అతను బొమ్మను టీవీలో పెట్టాడు. తెరనిండా ఆమె మొహం. పెదవులు ఒక మాటకు అంత సేపు తెరుచుకున్నాయి. గోవిందమ్మాళ్ తన నోటినే చూస్తూ కూర్చుంది. అతను పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా చదివాడు. ఆడవాళ్ళ పాట. మగ గొంతులో, పాట కాకుండా, మోటార్ల ధరల పట్టీ చదివినట్టు వచ్చింది.

"జంట చింతల కాడ దించినాము అమ్మా, జొన్న సంకటి తిన్నాము."

ముసలామె కదల్లేదు.

"ఉప్పు బావి కాడ దించినాము అమ్మా, నీళ్ళు నోట పోయలేము."

కదల్లేదు.

"ఇసుక ఏటి కాడ దించినాము అమ్మా, ఇద్దర్ని పిలిచినాము."

ఆమె నాలుకతో చప్పుడు చేసింది. బల్లి పలికినట్టు. అతను ఆగాడు. కొట్టివేసి, "ఇద్దర్ని పెంచినాము," అన్నాడు. మళ్ళీ చప్పుడు.

జోతిమణి అంతవరకు గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చుంది.

"పూడ్చినాము," అంది. "ఇద్దర్ని పూడ్చినాము. అప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, గుర్తుండాది."

చప్పుడు రాలేదు. జోతిమణి ఆ చరణాన్ని మెల్లగా పాడింది, తనకోసమే అన్నట్టు. పుస్తకం తీసి రాసుకుంది. అతను చదవడం, ముసలామె నాలుక చప్పుడు, జోతిమణి దిద్దడం. మధ్యాహ్నానికి ఐదు చరణాలు అయ్యాయి.

ఆరో చరణం వచ్చింది. తెర మీద మంట ముందుకొచ్చింది. మొహం వెనక్కి కరిగిపోయింది. పెదవులు లేవు. మంట ఊగుతోంది, ప్రతి పోగూ విడివిడిగా, తీరికగా.

"ఇది నువ్వు పంపినావే, ఫ్లూటు పెట్టి," అంది జోతిమణి.

"అవును."

"ఎంత దూరం ఇట్లా?"

"ఎనిమిదో చరణం దాకా."

కృత్తిక ఫోనులో పటం తెరిచి, ఉత్తరాన్నించి కిందికి ఊళ్ళ పేర్లు వరసగా చదివింది. ముసలామె నవ్వేసింది. "బస్సు కండక్టరు మాదిరి అరుస్తాది చూడు. ఊరుంటే మేము అక్కడే ఉండిపోమా? ఊరు లేని చోటనే దించినాము." జోతిమణి కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికింది. ఏడో దాంట్లో ఒక మేక ఉంది, అంతవరకే దొరికింది. మేక ఉంటే చాలదు.

గోవిందమ్మాళ్‌కు ఆ మూడు చోట్లూ తెలుసు. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆమె పెదవులు గట్టిగా మూసుకుని గోడ వైపు చూస్తోంది. ఎవరూ మళ్ళీ అడగలేదు.

సాయంత్రం లోపల తొమ్మిది, పది, పదకొండు దొరికాయి.

*

ఈ ఏడు ఆడి నెల మూడో శుక్రవారం సుందరరాజన్ వట్టి చేతులతో వచ్చాడు. గుమ్మంలో కెమెరా సంచి కోసం చుట్టాలు అతని భుజం వైపు చూశారు. అతను వసారా చివర, చెప్పుల దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఉన్న ఆడవాళ్ళలో కరుప్పాయి అనే పెద్దావిడ గట్టిగానే అంది: "దూరంగా ఉన్నాడు చూడు. దగ్గరుంటే కుండ కూడా మాయమవుతాది."

లోపల్నించి జోతిమణి పిలిచింది. "సుందరరాజన్ రానీ. ఈసారి కుండ అతను ఎత్తాల."

రాఘవేంద్రన్‌కు ఎవరో చెవిలో అరిచి చెప్పారు. అతను తల ఊపి పక్కకు జరిగాడు. గోవిందమ్మాళ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జోతిమణి దీపం ముందు కూర్చుంది. పాడడం మొదలుపెట్టింది, పెదవుల్లో కాదు, గొంతెత్తి. గది తలుపు తెరిచే ఉంచమంది.

జంట చింతల కాడ అతను కుండ ఎత్తి దించాడు. ఉప్పు బావి కాడ ఎత్తి దించాడు. ఇసుక ఏటి కాడ దించినప్పుడు నీళ్ళు తొణికాయి. వసారాలో పల్లవి అందుకున్నారు. నాలుగు. ఐదు.

ఆరో చోటుకు కుండ ఎత్తాడు. జోతిమణి పాడలేదు. ఒక వేలు మడిచింది. అతను కుండ దించబోయాడు.

"దించొద్దు," అంది. "ఎక్కడ దించినారో తెలీదు గదా. పట్టుకో."

నిండు కుండ. రాగి. దాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు. ఒక చరణం పట్టేంతసేపు గడిచింది. జోతిమణి రెండో వేలు మడిచింది. నీళ్ళు అతని చొక్కా మీద, పాదం మీద పడ్డాయి. అందరూ అతన్నే చూస్తున్నారు. పెద్దమ్మ కూడా చూస్తోంది. ఆమె నోరు మూసుకునే ఉంది, గొంతులో మాత్రం ఏదో ఎక్కి దిగుతోంది. ఆ ఎక్కి దిగేదాన్ని అతను చదవబోయాడు. రాలేదు.

గుమ్మంలో కృత్తిక ఫోను ఎత్తి పట్టుకుని తీస్తోంది. దించమని అతను చెప్పలేదు.

జోతిమణి మూడో వేలు మడిచింది.